అంచు మీద హంస, చెరువులో కొంగ: నేతవాళ్ళకూ పక్షులకూ ఉన్న పాత చుట్టరికం

నేతవాళ్ళ సంచికలో పక్షుల మీద వ్యాసం ఎందుకని కొందరికి అనిపించొచ్చు. జవాబు మన ఇంట్లోనే ఉంది. బీరువా తెరిచి ఒక పాత పెళ్ళిచీర తీసి అంచు విప్పి చూడండి. హంసలు వరసగా నడుస్తుంటాయి, లేదా రెండు నెమళ్ళు ముఖాముఖి నిలబడి ఉంటాయి. కొంగులో చిలకలుంటాయి. కొన్ని చీరల్లో రెండు తలల గండభేరుండం కూడా కనబడుతుంది. ఏనుగు, సింహం, చేప కూడా చీర మీదికి ఎక్కాయి గానీ, పక్షికి దక్కినంత చోటు ఇంకే ప్రాణికీ దక్కలేదు.

ఇన్ని పిట్టలు మన పడుగు పేకల్లోకి ఎట్లా వచ్చాయి? మనిషి పక్కన బతికిన పిట్టే గుడ్డ మీదికి ఎక్కింది. మన చెరువు, మన చింతచెట్టు, మన బావి, మన గుడి, వీటి చుట్టూ తిరిగిన పక్షుల చరిత్రే మన అంచుల చరిత్ర. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్కల ఉన్న మనకు ఆ చరిత్ర చాలా దగ్గరిది. దాన్ని ఒకసారి తలచుకుందాం. చివర మన వంతు పనేమిటో కూడా చూద్దాం.

హంస కల్పన కాదు

గుడ్డ మీద హంస ఎంత పాతదో తెలియాలంటే కాళిదాసు కుమారసంభవం చూడాలి. ఐదో సర్గలో శివుడు మారువేషంలో వచ్చి పార్వతిని పరీక్షిస్తాడు. నీ పెళ్ళిపట్టు మీద హంసల గుర్తులుంటాయి, ఆయన కట్టేదేమో నెత్తురు కారే ఏనుగు తోలు, ఈ రెండూ ఎట్లా కలుస్తాయమ్మా అన్న అర్థం వచ్చేటట్టు మాట్లాడతాడు. కాళిదాసుది క్రీస్తుశకం 4, 5 శతాబ్దాల కాలమని పండితుల లెక్క. అంటే సుమారు 1,500 ఏళ్ళ కిందటే పెళ్ళిపట్టు అంటే హంస ఉండాల్సిందే అన్నంత వాడుక ఉందన్నమాట. ఫ్రాన్సులో జకార్డు యంత్రం వచ్చింది 1804 ప్రాంతంలో. అట్టలు, కొక్కీలు లేని కాలం నుంచీ హంస గుడ్డ మీద నడుస్తూనే ఉంది.

ఈ హంస నిజంగా ఉందా, కవులు కట్టిన మాటేనా? డచ్ పండితుడు వోగెల్ భారతీయ సాహిత్యంలో, శిల్పంలో కనబడే హంస మీద 1962లో ఒక పుస్తకమే రాశాడు. మన పాత గ్రంథాల హంస బాతుల జాతి పక్షేనని అందులో వాదించాడు. చాలామంది గుర్తించేది తల మీద రెండు నల్లపట్టెలుండే పట్టెతల బాతును. అది టిబెట్, మంగోలియా పక్కల గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి మన దేశానికి వస్తుంది. కర్ణాటకలో గదగ జిల్లా మాగడి చెరువుకు ఇప్పటికీ గుంపులు గుంపులుగా వస్తుంది. హంస మానస సరోవరం నుంచి వస్తుందని పెద్దోళ్ళు చెప్పింది ఒట్టి కట్టుకథ కాదు. చలికాలం రాగానే వచ్చి, ఎండలు ముదరగానే ఉత్తరానికి పోయే పక్షిని చూసే ఆ మాట అన్నారు.

నలదమయంతుల కథలో రాయబారం నడిపింది హంసే. శ్రీనాథుడు శృంగార నైషధంలో ఆ కథనే తెలుగు చేశాడు. దూరం నుంచి వచ్చి కబురు చెప్పి, జంటను కలిపే పక్షి పెళ్ళిచీర అంచుకు ఎక్కడం న్యాయమే గదా.

లేపాక్షి మనకు పాఠశాల

బాగేపల్లి దాటి హైదరాబాదు రోడ్డులో పోతే కొడికొండ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే లేపాక్షి. ఊరి పేరులోనే పక్షి ఉంది. సీతమ్మను కాపాడబోయి రెక్కలు తెగి పడిన జటాయువును చూసి రాముడు ‘లే పక్షీ’ అన్నాడనీ, అదే ఊరి పేరయిందనీ స్థలపురాణం. ఆడబిడ్డ కోసం మొదట ప్రాణమిచ్చింది ఒక పక్షి అని మన జనం నమ్మారు, ఆ నమ్మకానికి ఒక ఊరి పేరే ఇచ్చారు.

అక్కడి వీరభద్రాలయాన్ని విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దం మొదటి సగంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. కప్పు మీది రంగుల బొమ్మల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు కట్టిన బట్టలు చూస్తే ఆ కాలపు నేత, అద్దకం ఎట్లా ఉండేవో తెలుస్తుంది. గళ్ళు, చారలు, పువ్వులు, లతలు, రకరకాల అంచులు అన్నీ అక్కడ ఉన్నాయి. లతామంటపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లను చూసి చీర అంచులు వేసుకున్న నేతవాళ్ళు ఎందరో. లేపాక్షి అంచు అనే మాటే వాడుకలో ఉంది. మన జిల్లాలోనే నంది గ్రామం భోగనందీశ్వరాలయంలో, ఉమామహేశ్వర గుడి కల్యాణమంటపం నల్లరాతి స్తంభాల మీద దేవుళ్ళ జంటలతో పాటు లతలు, పక్షులు చెక్కి ఉన్నాయి. ఈసారి నందికి పోయినప్పుడు దండం పెట్టుకొని వచ్చేయకుండా, ఆ స్తంభాల దగ్గర ఒక నిమిషం నిలబడి చూడండి.

అచ్యుతరాయల బంగారు నాణేల మీద గండభేరుండం ఉంటుంది. రెండు తలలు, ముక్కుల్లో, గోళ్ళలో ఏనుగులు. అంతకు చాలా ముందే శివమొగ్గ జిల్లా బళ్ళిగావిలో 1047లో ఈ పక్షికి ఒక స్తంభమే నిలిపారు. తరువాత మైసూరు ఒడెయర్ల చిహ్నమయింది, ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ ముద్రలో ఉంది. గుడి రాతి మీద, రాజు నాణెం మీద, పెళ్ళికూతురి చీర మీద ఒకే పక్షి. చెక్కినవాడు, పోతపోసినవాడు, నేసినవాడు వేర్వేరు కులాలవాళ్ళయినా వాళ్ళ ముందున్న బొమ్మ ఒక్కటే.

నెమలికంఠం గుట్టు

రంగుల పేర్లు చూసినా అంతే. చిలకపచ్చ అంటాం. నెమలికంఠం అంటాం. నెమలికంఠం నేసే పద్ధతి మనకు తెలిసిందే: పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నీలం మీద పచ్చ పడితే, చీర కదిలినప్పుడల్లా ఒక పక్క నీలం, ఒక పక్క పచ్చ తళతళలాడుతుంది. దారంలో లేని రంగు చీరలో పుడుతుంది.

సైన్సు చెప్పేది వింటే ఆశ్చర్యమేస్తుంది. నెమలి ఈకలో నీలి రంగు పదార్థమే లేదు. ఈకలోని సన్నని పోగుల్లో కంటికి కనబడనంత చిన్న అమరిక ఒకటి ఉంది. వెలుతురు దాని మీద పడి తిరిగొచ్చే తీరును బట్టి మనకు నీలం, పచ్చ, బంగారు రంగు కనబడతాయి. అందుకే నెమలి మెడ తిప్పితే రంగు మారుతుంది. అంటే నెమలి కూడా రంగును అద్దకంతో కాక అల్లికతోనే తెచ్చుకుంటోంది. ఏ పుస్తకమూ చదవకుండానే మన పెద్దోళ్ళు ఆ రంగుకు సరైన పేరు పెట్టారు.

మన పేరు పెట్టుకున్న పిట్ట

ఇంగ్లీషువాళ్ళు గిజిగాడిని వీవర్ బర్డ్ అంటారు, అంటే నేత పిట్ట. కన్నడంలో గీజగ. మన సీమలో పాత బావుల మీదికి వంగిన ముళ్ళచెట్లకు, ఈతచెట్లకు దాని గూళ్ళు సొరకాయల మాదిరి వేలాడుతుంటాయి. గుర్రం జాషువా ఈ పిట్ట మీద పద్యాలే రాశాడు. మనలో చాలామంది బడిలో చదివినవాళ్ళే.

గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకు, గడ్డి, ఈత ఆకుల నుంచి ముక్కుతో సన్నని పీచులు చీలుస్తుంది. ఒక్కో పీచు జానెడు నుంచి మూరెడు పైచిలుకు ఉంటుంది. ఒక గూడు పూర్తి కావాలంటే 500 సార్ల దాకా తిరగాలని పరిశీలించినవాళ్ళు లెక్క కట్టారు. ముక్కే దానికి నాడె. పీచును దూర్చి, లాగి, ముడివేసి, మళ్ళీ వెనక్కి దూరుస్తుంది. లోపల తడిమట్టి కూడా అతికిస్తుంది.

దీని సంసారం గుట్టు కనిపెట్టింది మన దేశపు పక్షిశాస్త్రవేత్త సలీం అలీ. ఉద్యోగం పోయి, బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రపుటూరిలో ఉన్నప్పుడు, 1930లో రోజుల తరబడి గిజిగాళ్ళ గూళ్ళ ముందు కూర్చొని చూశాడు. ఆయన చూసిందేమిటంటే, మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి లోపల దూరి పరీక్ష చేస్తాయి. నచ్చితేనే మగపిట్ట మిగతా సగం, గుడ్లు పెట్టే గదీ, కిందికి దిగే గొట్టమూ అల్లుతుంది. నచ్చకపోతే ఆ గూడు అట్లాగే సగంలో నిలిచిపోతుంది. ఒక గూడు కుదిరాక మగపిట్ట ఇంకోటి మొదలుపెడుతుంది.

మగ్గం మీద సగం నేసిన చీరను చూసి, ‘ఈ రంగు వద్దు, ఈ అంచు వద్దు’ అని షావుకారు వెనక్కి తిరిగిన రోజు మన ఇళ్ళలో ఎవరికి తెలీదు? ఆ బాధ గిజిగాడికీ ఉంది. కానీ అది అల్లడం మానుకోదు.

ఊరోళ్ళు కాపాడిన కొంగలు

ఇంతవరకు పక్షి మనకిచ్చింది చెప్పుకున్నాం. మనిషి పక్షికి ఏమిచ్చాడు?

లేపాక్షి దారిలోనే, చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లా. ఈ ఊరి చింతచెట్ల మీదికి, మర్రిచెట్ల మీదికి ఏటేటా పెయింటెడ్ స్టార్క్ అనే పెద్ద కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. తెల్లని ఒళ్ళు, పసుపుపచ్చని పొడుగు ముక్కు, ఎర్రని తల, రెక్కల చివర గులాబీ రంగు. నేసినవాడు కొంగుకు ఒక రంగు, అంచుకు ఒక రంగు వేసినట్టు ఉంటుంది. కొంగలు వస్తే వానలు బాగుంటాయనీ, రాకపోతే కరువనీ ఊరి నమ్మకం. అందుకే ఊరోళ్ళు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. కొంగకు రాష్ట్రాల గీత తెలీదు. చేపల కోసం అది చాలా దూరం తిరుగుతుంది. అక్కడి గూట్లో పిల్ల బతకాలంటే ఇక్కడ, గీతకు ఈ పక్క, మన చెరువుల్లో కూడా నీళ్ళుండాలి.

ఇట్లాంటి ఊళ్ళు దక్షిణాదిలో ఇంకా ఉన్నాయి. మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరు పేరులోనే కొంగ ఉంది. అక్కడ గూడబాతులు, కొంగలు ఇళ్ళ మధ్య చెట్ల మీదే ఉంటాయి. ఆడబిడ్డలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తాయని ఊరోళ్ళు అనుకుంటారు. 1916 ప్రాంతంలో ప్లేగు వచ్చి ఊరు చోటు మారితే, పక్షులు కూడా ఊరి వెంటే వచ్చాయని చెప్తారు. పక్షుల రెట్ట పొలాలకు ఎరువు. గూళ్ళున్న చింతచెట్ల కాయ కోయకుండా వదిలిన రైతులకు అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటూ జరిగింది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు.

తిరుపతి జిల్లా నేలపట్టు చెరువులో గూడబాతులు పిల్లలు చేసుకుంటాయి. 1976లో అది రక్షితప్రాంతం అయింది. తమిళనాడు వేడంతాంగల్ కథ ఇంకా పాతది. సిపాయిలు పక్షుల్ని కాలుస్తున్నారని ఊరి రైతులు మొరపెట్టుకుంటే, 1798లో చెంగల్పట్టు కలెక్టరు ప్లేస్ దొర పక్షుల్ని కాపాడే హక్కు ఊరికి ఉందని కౌలు రాసిచ్చాడని చరిత్ర.

ఇంకొక సాక్ష్యం ఉంది. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ రాసిన భారతదేశపు పక్షుల గ్రంథం మూడో భాగం 1864లో వచ్చింది. కర్నాటక మైదానంలో ఒక ఊరి నడుమ చిన్న చెట్ల మీదే గూడబాతులు గూళ్ళు కట్టుకొని, మనుషులు పక్కనే తిరుగుతున్నా లెక్కచేయకుండా ఉన్నాయని అందులో రాశాడు. యుగాలుగా ఇట్లాగే ఉన్నాయని ఊరోళ్ళు ఆయనతో చెప్పారట.

వీటన్నిటిలో ఒక మాట గమనించండి. చట్టం తరువాత వచ్చింది. ముందు ఉన్నది ఊరి కట్టుబాటు.

ఈక కోసం చంపిన కాలం

కట్టుబాటు లేనిచోట ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 19వ శతాబ్దం చివర ఐరోపాలో, అమెరికాలో ఆడవాళ్ళ టోపీలకు పక్షి ఈకలు పెట్టే ఫ్యాషన్ వచ్చింది. తెల్లకొంగ గుడ్ల కాలంలో వీపు మీద పెంచే సన్నని ఈకల ధర బంగారంతో పోటీపడింది. గుడ్ల కాలంలో తల్లిని చంపితే గూట్లో పిల్లలూ చస్తాయి. మన దేశం నుంచి కొంగ ఈకలు, పాలపిట్ట ఈకలు మూటలు మూటలుగా లండను పోయాయి. పాలపిట్ట అంటే కన్నడంలో నీలకంఠ, ఇప్పుడు మన కర్ణాటక రాష్ట్రపక్షి.

ఈ చావును ఆపే పని మొదలుపెట్టింది కూడా ఆడవాళ్ళే. ‘ఈకలు పెట్టుకోము’ అని ఒట్టు వేసుకున్న కొందరు ఇంగ్లీషు మహిళలు 1889లో పెట్టిన సంఘమే నేడు ఆ దేశంలో అతిపెద్ద పక్షి సంరక్షణ సంస్థ. మన దేశం నుంచి ఈకల ఎగుమతి 1902లో నిషేధించారు. బ్రిటన్లో దిగుమతి నిషేధ చట్టం 1921లో వచ్చింది. కట్టేవాళ్ళు వద్దంటే చంపేవాళ్ళు ఆగాల్సిందే. మనం బట్ట చేసేవాళ్ళం. బట్టకు ఎంత బలముందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మన దారం, మన నీళ్ళు

ఇప్పుడు మన సంగతి. హంస అంచు మీద ఉంది, నెమలి అంచు మీద ఉంది. కానీ బావులు ఎండి, వాటి మీది చెట్లు పోయాక గిజిగాడు ఎక్కడ అల్లాలి? పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చాక పిచ్చుక ఎక్కడ దూరాలి? నంది కొండల పక్క పుట్టిన పెన్న, చిత్రావతి, పాపాగ్ని మన పక్కన ఏడాదిలో ఎన్ని రోజులు పారుతున్నాయో అందరికీ తెలుసు. బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళను హెచ్.ఎన్. వ్యాలీ పథకం కింద చిక్కబళ్ళాపురం పక్క చెరువులకూ, కె.సి. వ్యాలీ పథకం కింద కోలారు, చింతామణి పక్క చెరువులకూ పంపుతున్నారు. నీళ్ళు కనబడితే పక్షులు దిగుతాయి. ఆ నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయని అడిగే బాధ్యత, ఆ చెరువుల్లోకి మన అద్దకం తొట్ల రంగునీళ్ళు పోకుండా చూసుకునే బాధ్యత మనదే. మొదటిది ప్రభుత్వాన్ని అడగాలి. రెండోది మనల్ని మనం అడుక్కోవాలి.

దారం సంగతి ఇంకా దగ్గరిది. తెగిన పట్టుపోగులు, నైలాన్ ముక్కలు బయట పారేస్తే పిట్టలు గూటికి ఎత్తుకుపోతాయి. పిల్లల కాళ్ళకు చుట్టుకుంటే అవి గూట్లోనే చిక్కి చస్తాయి. వ్యర్థపు దారాన్ని సంచిలో కట్టిపెట్టడం పెద్ద కష్టం కాదు. ఆషాఢం గాలికి మన పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. నైలాన్ మాంజా, గాజుపొడి పూసిన దారం 2017 జూలైలోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. గద్దల రెక్కలు, మనుషుల గొంతులు కూడా ఆ దారం కోసింది. దారంతో బతికే కులంలో పుట్టిన పిల్లవాడి చేతిలో ప్రాణం తీసే దారం ఉండకూడదు. వాడికి మామూలు నూలుదారం ఇవ్వండి. రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చిలక చీర మీద ఉంటేనే అందం.

చివరిది మన సంఘం చేయగల పని. మన పెద్దోళ్ళ దగ్గర పాత చీరలున్నాయి, పాత అట్టలున్నాయి. ఏ పిట్టను ఏ పేరుతో పిలిచేవాళ్ళో, ఏ అంచు ఏ శుభకార్యానికి నేసేవాళ్ళో వాళ్ళకు నోటికి వచ్చు. ఆ చీరలు చిరిగిపోతున్నాయి, అట్టలకు చెదలు పడుతోంది, ఆ నోళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇంట్లో ఒక పిల్ల ఫోను తీసి ఆ అంచును ఫొటో తీసి, అవ్వ చెప్పిన పేరు కింద రాసి పెడితే చాలు. ఇది డిజిటల్ సంచిక, వచ్చే ఏటికి అవన్నీ ఒకచోట చేర్చడానికి కాగితం ఖర్చు కూడా లేదు.

కాళిదాసు కాలం నుంచి హంసను గుడ్డ మీద బతికించింది నేతవాడి చెయ్యి. చెరువులో కొంగను బతికించింది ఊరి కట్టుబాటు. ఈ రెండూ మన దగ్గరే ఉన్నాయి. మన మనవరాలి పెళ్ళిచీర మీద కూడా హంస ఉంటుంది. ఆ పిల్ల చెరువుగట్టు మీదికి పోయినప్పుడు, అంచు మీద ఉన్న పిట్ట నీళ్ళలో కూడా కనబడాలి.